టిబెట్ రక్షాపూసలు: ధారణ నుంచి సమర్పణ దాకా

(స్మారకోపన్యాస పాఠం)

టిబెటన్ల మెడలో కనిపించే పూసల హారాన్ని ఆభరణంగా మాత్రమే చూస్తే దాని ఖరీదు అర్థమవుతుంది గాని, ఆ సమాజం దానికిచ్చిన స్థానం అర్థం కాదు. ఎర్రని పగడం, నీలమూ ఆకుపచ్చా కలిసిన ఫిరోజా, తేనెరంగు అంబర్, వీటి నడుమ తెల్లని చారలతోను కళ్లవంటి వలయాలతోను ఉండే ‘జీ’ అనే ముదురురంగు రాతిపూస చేర్చి కూర్చిన హారం ఒక్కటే కుటుంబపు ఆస్తిగా, తరం నుంచి తరానికి సంక్రమించే వంశచిహ్నంగా, అనారోగ్యంలో మందుగా, ప్రయాణంలో రక్షగా, చివరికి విహారంలోని బుద్ధవిగ్రహానికి కానుకగా ఉపయోగపడుతూ వచ్చింది. ఒకే వస్తువు ఇన్ని పాత్రలు మోయగలగడం వెనుక ఒక ఆధ్యాత్మికదృష్టి ఉన్నది. పూస మనిషిని కాపాడుతుందన్న నమ్మకం ఆ దృష్టిలో తొలిమెట్టు మాత్రమేనని, ఆ నమ్మకాన్ని బౌద్ధం తోసిపుచ్చకుండా దాని ఆసరాతోనే మనిషిని దానధర్మం దాకా నడిపించిందని, అందువల్ల రక్షాపూస అర్థం ధరించడంలో మొదలై సమర్పించడంలో పూర్తవుతుందని చూపడం ఈ ఉపన్యాసపు ఉద్దేశం.

ఈ ప్రసంగం ఎవరి స్మృతికి అంకితమైనదో ఆ రాహుల్ సాంకృత్యాయన్ (1893–1963) 1929, 1934, 1936, 1938 సంవత్సరాలలో నాలుగు పర్యాయాలు టిబెట్ వెళ్లి, భారతదేశంలో కనుమరుగైపోయిన సంస్కృత బౌద్ధగ్రంథాల తాళపత్ర ప్రతులను అక్కడి విహారాలలో వెతికి, ధర్మకీర్తి ప్రమాణవార్తికం వంటి తర్కగ్రంథాలను మళ్లీ పండితలోకం ముందుంచిన మహామనిషి. ‘ఓల్గా నుంచి గంగకు’ ద్వారా తెలుగు పాఠకులకు ఆయన చిరపరిచితుడు. మార్క్సిస్టుగా, హేతువాదిగా జీవించిన ఆ పండితుని స్మృతిలో తాయెత్తుల వంటి పూసల గురించి మాట్లాడటం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కాని ప్రమాణశాస్త్రాన్ని శతాబ్దాలపాటు కంఠస్థం చేసి వాదప్రతివాదాలతో నిలబెట్టిన విహారాలలోనే భిక్షువులు రక్షాసూత్రాలు ముడివేసి భక్తుల మెడలో కట్టారు. ఒకే ప్రాంగణంలో తర్కమూ తాయెత్తూ కలిసి బతికిన ఆ సంస్కృతిని వెక్కిరించకుండా, వెర్రిగా నమ్మకుండా, దాని లోపలి పొందికను వెతకడం ఆయన పరిశోధనాదీక్షకు తగిన నివాళే అవుతుంది.

ముందుగా జీ పూస భౌతికరూపం తెలుసుకోవడం అవసరం. ఇది సాధారణంగా వేలి కణుపంత పొడవుండి, నడుమ కాస్త ఉబ్బి, రెండు కొసలకు సన్నబడుతుంది. దీని ద్రవ్యం అగేట్ జాతి రాయి. మన నగల బజార్లలో సులేమాని రాయి అని, హకీక్ అని పిలిచేది ఈ కుటుంబానికి చెందినదే. ముదురు గోధుమ లేదా నలుపు నేలమీద తెల్లని గీతలు, వంకీలు, చతురస్రాలు, వలయాలు ఉంటాయి. ఈ వలయాన్నే టిబెటన్లు ‘మిక్’, అంటే కన్ను అంటారు. పాతపూసను వెలుతురులో పట్టి చూస్తే తరాలపాటు చర్మానికీ బట్టకూ ఒరుసుకొని వచ్చిన మెత్తని నునుపు, గోటిగీతల్లా నెలవంక ఆకారంలో ఉన్న సన్నని పగుళ్లు, కొన్నిటిలో ఇనుము చేరడం వల్ల ఏర్పడిన ఎర్రని చుక్కలు, దారపు రాపిడికి అంచులు అరిగి వెడల్పయిన రంధ్రం, అక్కడక్కడ ఎవరో పనిగట్టుకొని గిల్లినట్లున్న చిన్న గుండ్రని గుంటలు కనిపిస్తాయి. ఈ గుంటలు ప్రమాదవశాత్తూ పడినవి కావు. వాటి సంగతి వైద్యప్రస్తావనలో వస్తుంది.

తెల్లని గీతలు ప్రకృతి గీసినవి కావు. రాతిమీద క్షారద్రవంతో గీసి, ఆరనిచ్చి, నిప్పులో కాల్చితే గీత ఉన్నంతమేర రాయి తెల్లబడి శాశ్వతంగా నిలిచే విద్య దక్షిణాసియాకు అతి పురాతనమైనది. సింధునాగరికత పట్టణాలలో తయారైన ఇటువంటి ఎర్రరాతి పూసలు సముద్రం దాటి మెసపొటేమియా చేరి, ఊర్ నగరపు రాచసమాధులలో క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్ది నాటికే కనిపిస్తాయి. చాన్హుదారోను తవ్విన ఎర్నెస్ట్ మెకే 1930ల ఆరంభంలో సింధు ప్రాంతంలోని సెహ్వాన్‌లో ఒక వృద్ధ పనివాడి నుంచి ఈ పద్ధతిని తెలుసుకొని 1933లో ప్రకటించాడు: బట్టలసోడాను ఒక ముళ్లపొద లేతచిగుళ్ల రసంలో కలిపి, కలంతో రాతిమీద గీసి, బొగ్గుల కింద కాల్చడమే ఆ పద్ధతి. తెలుగునేలకూ ఈ విద్య పరాయిది కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లోని శాతవాహనకాలపు స్థలంలో దొరికిన పూసలపై ఎం.జి. దీక్షిత్ రాసిన గ్రంథం 1952లో హైదరాబాదు ప్రభుత్వ పురావస్తు ప్రచురణగా వెలువడింది. అంతకు మూడేళ్ల ముందే ఆయన భారతదేశంలోని క్షారరేఖాంకిత పూసలపై ప్రత్యేకగ్రంథం ప్రకటించి ఉన్నాడు. జీ పూస ఈ విశాల శిల్పకుటుంబంలో ఉత్తరపు కొసన నిలిచినది. పశ్చిమ టిబెట్‌లోని న్గారీ ప్రాంతంలో, జాందా సమీపపు సమాధులలో ఇటీవలి తవ్వకాలలో బంగారు ముఖకవచంతోపాటు ఈ జాతి పూసలు బయటపడ్డాయి. ఆ సమాధులు సుమారు రెండువేల ఏళ్ల నాటివి కాబట్టి, బౌద్ధం ఏడో శతాబ్దంలో ఆ దేశానికి చేరకముందే పూస అక్కడి మృతుల వెంట మట్టిలోకి వెళ్లిందని చెప్పవచ్చు.

అయితే టిబెటన్లు చెప్పుకొనే పుట్టుక కథలలో పనివాడికి చోటే లేదు. కలింపాంగ్‌లో ఉండి టిబెట్ దేవతాసంప్రదాయాలను అధ్యయనం చేసిన ఆస్ట్రియా పండితుడు రెనె ద నెబెస్కీ-వోజ్కోవిట్జ్ 1952లో ఈ పూసలపై ప్రకటించిన వ్యాసంలోను, ఆ తరువాతి పరిశీలకుల రచనలలోను నమోదైన కథలు చాలా ఉన్నాయి. జీ ఒకప్పుడు నేలలో పాకే పురుగని, మనిషి చేయి తగలగానే అది రాయిగా గడ్డకట్టిందని ఒక కథ. దేవతలు ధరించే నగలివని, చిన్న పగులో గీటో పడగానే వాళ్లు వాటిని భూమికి విడిచిపెడతారని, అందుకే మచ్చలేని పూస మనిషికి దొరకడం అరుదని మరొక కథ. న్గారీలోని రుతోక్ దగ్గర ఒక కొండ నుంచి జీలు సెలయేరులా పారేవని, ఒక దుష్టస్త్రీ దిష్టి తగిలి ఆ ప్రవాహం నిలిచిపోయిందని ఇంకొక కథ. తూర్పు టిబెట్‌లో గానం చేసే గేసర్ మహావీరగాథ పరదేశాల కోటలను జయించి వాటి ఐశ్వర్యాన్ని టిబెట్‌కు తెచ్చిన రాజును కీర్తిస్తుంది; కాశ్మీరపు ఫిరోజా కోటను గెలవడం అందులో ప్రసిద్ధమైన ఘట్టం. జీలు కూడా అలా పశ్చిమాన తాజిక్ దేశపు భాండాగారం నుంచి వచ్చినవేనని నమ్మేవారున్నారు.

ఈ కథలను అజ్ఞానంగా తీసివేయడం తొందరపాటు. వాటన్నిటిలో ఒక భావం స్థిరంగా కనిపిస్తుంది: పూసను మనిషి చేసుకోలేదు, అది మనిషికి లభించింది. పొలం దున్నుతుంటేనో, పశువులు మేపుతుంటేనో మట్టిలో దొరికిన జీకి కొన్న జీకంటె ఎక్కువ మర్యాద ఇవ్వడంలో ఈ భావమే ఉన్నది. భూమిలోని నిధులకు యజమానులు ‘లు’లని, అంటే నాగులని టిబెటన్ల విశ్వాసం; నీటి ఊటలు, చెట్ల మొదళ్లు వాళ్ల నివాసాలు. దొరికిన పూస వాళ్ల అనుగ్రహం. అనుగ్రహంగా వచ్చినదానిపై పూర్తి యాజమాన్యం చెల్లదు. అది ఎవరి చేతిలోనైనా కొంతకాలమే ఉండవలసిన వస్తువు. పురావస్తుశాస్త్రం చెప్పే చరిత్ర పూస ఎలా తయారైందో తెలుపుతుంది. కథలు దానితో ఎలా మెలగాలో నేర్పుతాయి. ఈ రెండో బోధను గుర్తించకుండా టిబెట్ రక్షాపూసను గురించి చెప్పిన మాట ఏదైనా సగమే అవుతుంది.

రక్ష అనే భావనకు మూలం వెతికితే జీ కంటె ఫిరోజా దగ్గరే ఎక్కువ వెలుగు దొరుకుతుంది. టిబెట్ సంప్రదాయంలో మనిషికి ఆయుష్షును నిలిపే ప్రాణం ఒకటి, జన్మనుంచి జన్మకు సాగే విజ్ఞానం ఒకటి ఉండగా, ఈ రెంటికీ వేరుగా ‘లా’ అనే జీవసత్త్వం ఒకటి ఉన్నదని నమ్మకం. ఇది బౌద్ధానికి పూర్వపు భావన. బౌద్ధం ఆత్మను నిరాకరించినా దీన్ని మాత్రం వైద్యంలోను జ్యోతిషంలోను నిలవనిచ్చింది. లా శరీరంలో చంద్రకళలను అనుసరించి తిరుగుతూ అమావాస్యనాడు అరికాలిలోను పున్నమినాడు నడినెత్తిన ఉంటుందని వైద్యులు చెబుతారు. ఆనాడు అది ఉన్నచోట వాత పెట్టడం, నెత్తురు తీయడం చేయరు. అంతకంటె విశేషమైన సంగతి, లా శరీరంలోనే బందీగా ఉండదు. ఒక కొండ, ఒక సరస్సు, ఒక చెట్టు, ఒక రాయి దానికి బయటి ఆధారాలు కాగలవు. వ్యక్తులకే కాక వంశాలకు, దేవతలకు కూడా ఇటువంటి ఆధారాలుంటాయి. పల్దెన్ ల్హామో దేవత లా-సరస్సుగా పేరుపొందిన ల్హామో లత్సో ఒడ్డున 1935లో రాజప్రతినిధి రెటింగ్ రిన్‌పోఛేకి కలిగిన దర్శనమే 14వ దలైలామాను గుర్తించడానికి దారి చూపిందని టిబెటన్లు చెప్పుకొంటారు.

సామాన్యునికి సరస్సు దూరం, కొండ దూరం. మెడలో వేసుకోగలిగిన ఆధారం ఫిరోజా రాయి. దానికి లా-యు, అంటే లా నిలిచే ఫిరోజా అని పేరు. భయంకరమైన అదురుపాటు వల్లనో, దుష్టశక్తి ఎత్తుకుపోవడం వల్లనో లా శరీరాన్ని విడిచి తిరుగుతున్నప్పుడు మనిషి తిండి సహించక, నిద్ర పట్టక, ఏ పనిమీదా మనసు నిలవక చిక్కిపోతాడని భావించి ‘లా-గుక్’ అనే ఆవాహనకర్మ చేయిస్తారు. వెన్నతో మలచిన చిన్న గొర్రెబొమ్మను పాత్రలోని నీటిమీదనో పాలమీదనో తేలవిడిచి, లామా పేరుపెట్టి లాను పిలుస్తుండగా, ఆ బొమ్మ మెల్లగా తిరిగి తిరిగి రోగి వైపు ముఖం పెట్టి ఆగితే లా వచ్చిందని నిశ్చయిస్తారు; తరువాత లా-యును రోగి మెడలో కడతారు. ఫిరోజా కాలక్రమాన రంగు మారే రాయి. చెమట, నూనె, వెన్న తగిలి నీలం పోయి పచ్చబడుతుంది, పాలిపోతుంది. ఈ భౌతికస్వభావాన్ని టిబెటన్లు ధరించినవారి ఆరోగ్యానికి సూచనగా చదివారు. రాయి పాలిపోతే మనిషికి ఏదో కీడు సమీపించిందని, నిగనిగలాడితే క్షేమమని భావించారు. ఇక్కడ రాయి మనిషి బయట ఉన్న మనిషిలో ఒక భాగం. కవచం దెబ్బను అడ్డుకుంటుంది గాని దానికి నొప్పి తెలియదు. లా-యు అలా కాదు, మనిషితో కలిసి వాడుతుంది, మనిషితో కలిసి కోలుకుంటుంది.

ఫిరోజాకు ఈ గౌరవం కొత్తగా రాలేదు. టిబెట్ సామ్రాజ్యకాలంలో అధికారుల హోదాచిహ్నాలలో బంగారం, వెండి కంటె పైస్థానం దానిదే. లడఖ్ స్త్రీలు తలమీద ధరించే ‘పెరక్’ అనే పొడవైన శిరోభూషణంలో ఫిరోజాలు నుదుటి నుంచి వీపుదాకా వరుసలుగా కుట్టి ఉంటాయి. పడగ విప్పిన నాగాన్ని తలపించే ఆ భూషణం తల్లి నుంచి పెద్దకూతురికి చేరుతుంది. పగడం చరిత్ర మరొక వింత. సముద్రానికి అంతదూరాన, అంత ఎత్తున ఉన్న దేశం సముద్రగర్భంలో పుట్టిన ఎర్రని పూసను అంతగా కోరుకొన్నది. టిబెట్‌లో పగడాన్ని స్త్రీల మెడలోను విగ్రహాల మెడలోను వేస్తారని 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కో పోలో రాశాడు. స్త్రీకీ విగ్రహానికీ ఒకే హారమన్న ఆ చిన్న పరిశీలన ఈ ఉపన్యాసానికి చాలా విలువైనది.

జీ పూసకు ప్రత్యేకంగా అప్పగించిన రక్ష గ్రహపీడ నుంచి. పక్షవాతం, మూర్ఛ వంటి హఠాత్తు వ్యాధులను టిబెట్ వైద్యం గ్రహవ్యాధులుగా పరిగణిస్తుంది. వాటికి అధిపతి రాహుల అనే గ్రహదేవత, అంటే భారతీయ జ్యోతిషంలోని రాహువే. అయితే అక్కడి చిత్రపటాలలో అతని రూపం మనం ఎరిగిన రాహువు కంటె ఎంతో ఉగ్రమైనది: అంచెలంచెలుగా తొమ్మిది తలలు, శిఖరాన కాకి తల, ఒంటినిండా కళ్లు, నడుము కింద పాము శరీరం, చేతిలో ఎక్కుపెట్టిన విల్లు. అతని నీడ పడినవాడు ఉన్నపళాన కుప్పకూలుతాడని భయం. ఒంటినిండా కళ్లున్న గ్రహానికి కళ్లున్న రాయి విరుగుడు కావడంలో ఒక పొందిక కనిపిస్తుంది. ఇది వ్యాఖ్యానమే తప్ప శాస్త్రవాక్యం కాదు. కాని చూపుకు చూపే ఎదురన్న భావన దిష్టిని నమ్మే ప్రతి సమాజానికీ సులభంగా అర్థమవుతుంది.

జీని మెడలో వేసుకోవడంతో సరిపెట్టుకోలేదు, లోపలికీ పుచ్చుకొన్నారు. యూథోక్ యొన్‌తెన్ గోన్‌పో పేరుతో 12వ శతాబ్దం నుంచి ప్రచారంలో ఉన్న ‘గ్యూషి’ అనే చతుస్తంత్రం మొదలుకొని టిబెట్ ద్రవ్యగుణశాస్త్రం రత్నాలను ఔషధాలలో ఒక ప్రత్యేకవర్గంగా లెక్కించింది. బంగారం, ముత్యం, పగడం, ఫిరోజాలతో పాటు జీని కూడా శోధించి, పొడిచేసి, ‘రిన్‌ఛెన్ రిల్బు’ అనే రత్నగుళికలలో చేర్చారు. నాడీవ్యాధులకు వాడే ‘రత్న సంఫెల్’ వీటిలో ప్రసిద్ధమైనది. 1916లో ల్హాసాలో స్థాపితమై, 1961లో ధర్మశాలలో పునఃస్థాపితమైన మెన్-త్సీ-ఖాంగ్ వైద్యసంస్థ ఈ గుళికలను నేటికీ పట్టుగుడ్డలో చుట్టి, రంగుదారంతో కట్టి, ముద్రవేసి ఇస్తుంది. పాతపూసలపై గుండ్రని గుంటలు ఇలా మందుకోసం పిసరంత గిల్లి తీయడం వల్ల ఏర్పడినవని చెబుతారు. పక్షవాతానికి నేటి ఆసుపత్రి చికిత్సకు ఇది ప్రత్యామ్నాయం కాదని వేరుగా చెప్పనక్కరలేదు. గమనించవలసింది మరొకటి: ఎవరి రోగం కోసమో తన వంశపు పూసను గిల్లనిచ్చిన కుటుంబం దాని అందాన్ని, ధరను తెలిసి తెలిసి తగ్గించుకొన్నది. సంతలో లోపంగా లెక్కించే ఆ గుంట నిజానికి ఒక దానపు గుర్తు.

ఇంతవరకు చెప్పిన నమ్మకాలను బౌద్ధసిద్ధాంతం ఎలా స్వీకరించిందన్నది ఈ విషయానికి గుండెకాయ. బుద్ధ ధర్మ సంఘాలనే త్రిరత్నాలను శరణు పొందినవాడు లోకదేవతలనుగాని వస్తువులనుగాని పరమాశ్రయంగా భావించకూడదన్నది శరణాగతి నియమాలలో మొదటిది. అలాగయితే పూస ఎందుకు? తెలుగునేలతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుని ప్రతీత్యసముత్పాద సిద్ధాంతంలోనే దీనికి సమాధానం ఉన్నది. ఏ వస్తువుకూ తనంతట తానుగా స్వభావం లేదు, హేతువుల కలయికవల్లనే ప్రతిదీ అదిగా ఉన్నదన్న ఈ దర్శనం టిబెట్ విహారవిద్యకు వెన్నెముక. రాయి, దాన్ని గీసిన చేయి, ధరించినవారి శ్రద్ధ, మంత్రించిన గురువు సంకల్పం, దానితో ముడిపడిన పెద్దల జ్ఞాపకం కలిస్తే రక్ష ఒక ఫలంగా ఏర్పడుతుంది. వీటిలో ఏ ఒక్కదానిలోనూ విడిగా రక్ష లేదు. ఈ దృష్టి పూసలో అద్భుతశక్తి ఉందనదు, పూస వట్టి రాయనీ అనదు. టిబెట్‌కు ఆంధ్రదేశంతో ఉన్న బంధం ఈ ఒక్క సిద్ధాంతంతో ఆగలేదు. కాలచక్రతంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక (నేటి అమరావతి) స్తూపం దగ్గర ఉపదేశించాడని ఆ సంప్రదాయం నమ్ముతుంది. 1416లో ల్హాసా పక్కన వెలసిన డ్రెపుంగ్ మహావిహారం పేరు ధాన్యకటకం పేరునే తలపిస్తుంది. 2006 జనవరిలో 14వ దలైలామా అమరావతిలోనే కాలచక్రదీక్ష ఇచ్చారు.

శ్రద్ధ పాత్రను వివరించడానికి టిబెటన్ ఆచార్యుడు పట్రుల్ రిన్‌పోఛే (1808–1887) తన ప్రసిద్ధ ధర్మగ్రంథంలో చెప్పిన ఒక కథ టిబెట్‌లో పిల్లలకు కూడా తెలుసు. వ్యాపారం మీద భారతదేశం వెళ్లివచ్చే కొడుకును ఒక ముసలితల్లి బుద్ధధాతువు తెచ్చిపెట్టమని కోరితే, అతడు మాటిమాటికీ మరచిపోయి, చివరిసారి ఇంటి దగ్గరికి వచ్చాక దారిలో చచ్చిపడి ఉన్న కుక్క పన్ను పీకి, పట్టుగుడ్డలో చుట్టి, ఇదే బుద్ధుని దంతమని చేతిలో పెట్టాడు. తల్లి దాన్ని అచంచలమైన భక్తితో పూజించగా ఆ పన్నునుంచి పవిత్రధాతువులు వెలువడ్డాయి. ఆమె మరణించిన వేళ ఇంద్రధనుస్సు కాంతి కమ్మింది. కొడుకు మోసాన్ని కథ సమర్థించదు. పన్నులో ఏదో మహిమ ఉండెనని కూడా చెప్పదు. బుద్ధుని ఆశీస్సు అంతటా ఉన్నదని, దాన్ని అందుకొనే వాకిలి శ్రద్ధ అని చెబుతుంది. పూసకు గురువు చేత ‘రబ్నే’ అనే ప్రతిష్ఠాకర్మ చేయించడం, ‘గావు’ అనే తాయెత్తు పెట్టెతోను, ముడివేసిన రక్షాసూత్రంతోను కలిపి ధరించడం ఈ వాకిలి తెరిచి ఉంచడానికి చేసే పనులే.

జపమాలలోని పూసలు ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తాయి. నూట ఎనిమిది పూసలలో వంద లెక్కకు, మిగిలిన ఎనిమిది పొరపాట్ల భర్తీకి అని సాధకులు చెప్పుకొంటారు. సాధన ప్రయోజనాన్ని బట్టి పూసల ద్రవ్యం మారుతుంది: శాంతికర్మకు స్ఫటికం, ముత్యం వంటి తెల్లనివి, పుష్టికి బంగారం, వెండి, తామరగింజలు, వశ్యానికి పగడం, ఎర్రచందనం, రౌద్రకర్మకు రుద్రాక్ష, ఎముక, ఇనుము. ఈ నాలుగు వర్గాలలో ఏ పూసా దానంతటది పనిచేయదు. వేలు కదలాలి, మంత్రం పలకాలి, మనసు నిలవాలి. గురువు ఏళ్లతరబడి జపించిన మాలను శిష్యుడు రక్షగా దాచుకొంటే, అతడు దాచుకొంటున్నది ఆ సాధనను.

ఈ నేపథ్యంలో చూసినప్పుడు నేటి నగల విపణిలో ప్రచారమవుతున్న పట్టికలు, అంటే రెండు కళ్ల పూస దాంపత్యానికి, మూడు కళ్లది ధనానికి, తొమ్మిది కళ్లది సకలసిద్ధులకు అని ఫలశ్రుతులు చదివే జాబితాలు చాలావరకు ఇటీవలి వ్యాపారపు పుట్టుకగా తేలుతాయి. తొమ్మిది కళ్ల పూసకు టిబెటన్లలో పూర్వం నుంచీ అత్యున్నత గౌరవం ఉన్నమాట వాస్తవమే. కాని ప్రతి కంటి లెక్కకూ ఒక కోరిక కట్టిపెట్టడం 1990లలో తైవాన్‌లో జీపై మోజు పెరిగిన తరువాత విస్తరించిన ధోరణి. ఆ మోజుకు ముందు ఒక దుఃఖం ఉన్నది. 1959లో దలైలామా భారతదేశానికి తరలివచ్చిన తరువాత ఆయన వెంట హిమాలయం దాటిన వేలాది కుటుంబాలు కాఠ్మాండూలో, డార్జిలింగ్‌లో, కలింపాంగ్‌లో పిల్లల తిండికోసం, చదువుకోసం వంశపు పూసలను ఒక్కొక్కటిగా అమ్ముకొన్నాయి. తరాలుగా లభ్యమై, ధారణమై, దానమై తిరిగిన వస్తువు అప్పుడే తొలిసారి అంత పెద్దయెత్తున సరుకయింది. ఆపైన కొత్తరాయితోను, గాజుతోను, ప్లాస్టిక్‌తోను నకిలీలు వెల్లువెత్తాయి. శీతకాలంలో తెలుగు పట్టణాల వీధులలో స్వెట్టర్ల దుకాణాలు పెట్టే టిబెటన్ వృద్ధస్త్రీల మెడలో పగడాల నడుమ కనిపించే చారల పూస ఆ వలసలో అమ్ముడుపోకుండా మిగిలినదీ కావచ్చు, అమ్మినదాని స్థానంలో గుర్తుకోసం కట్టుకొన్న కొత్తదీ కావచ్చు. కొత్తదైనంత మాత్రాన దాన్ని చిన్నచూపు చూడటం కుక్కపన్ను కథ విన్నవారికి తగదు.

పూస దెబ్బతిన్నప్పుడు దాన్ని గురించి చెప్పే మాటలో కూడా సమర్పణ ధోరణి ఉన్నది. జీ హఠాత్తుగా పగిలితే అది ధరించినవారి కీడును తనమీద వేసుకొని పోయిందని చెప్పేవారున్నారు. కాని పూస ఉత్తమగతి పగలడం కాదు, ఇవ్వబడటం. ల్హాసాలోని జోఖాంగ్ ఆలయంలో, ఏడో శతాబ్దంలో చైనా రాకుమారి వెన్‌చెంగ్ వెంట వచ్చిందని చెప్పే జోవో శాక్యముని విగ్రహానికి, ఆచార్యుడు జె త్సోంఖపా 1409లో మహాప్రార్థనోత్సవాన్ని ఆరంభిస్తూ స్వర్ణకిరీటం అర్పించాడు; ఆ విగ్రహపు అలంకరణలో భక్తులు తరతరాలుగా ఇచ్చిన ఫిరోజాలు, పగడాలు, జీలు కనిపిస్తాయి. సొంత మెడనుంచి విప్పి విగ్రహానికి వేసిన పూస దాతను అంతకుముందులా కాపాడదు కదా అన్న ప్రశ్న టిబెటన్‌కు తోచదు. వస్తువుపై పట్టు సడలడమే లోపలి పీడకు విరుగుడన్నది అతడు పుట్టినప్పటినుంచి విన్న ధర్మం.

కంటికి కనిపించే అలంకరణ కంటె లోతైన సమర్పణలు మరి రెండు ఉన్నాయి. కొత్త విగ్రహాన్నిగాని స్తూపాన్నిగాని ప్రతిష్ఠించేముందు దాని కడుపులో మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, ధాతువులు, సుగంధద్రవ్యాలు, రత్నాలు నింపి అడుగున మూసివేస్తారు. కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్ వలసవిహారాలలో కొత్తగా నిలిచిన విగ్రహాలకూ ఈ విధిని పాటించారు. రెండోది నిధికలశం. ధాన్యం, ఓషధులు, లోహపు పొడులు, పూసలు నింపి ప్రతిష్ఠచేసిన కలశాన్ని ఊటల దగ్గర, కొండమలుపులలో, సరస్సులలో నిక్షేపించి నాగులకూ భూదేవతలకూ అర్పిస్తారు. మట్టిలో దొరికిన పూస ఇలా మట్టికే చేరుతుంది. నాగుల అనుగ్రహం నాగులకే ముడుతుంది. రుణం తీర్చుకొనే ఈ పద్ధతిలో నేల తవ్వకాలపట్ల, నీటి కాలుష్యంపట్ల టిబెటన్లకు సహజంగా ఉన్న సంకోచం కూడా కలిసి ఉన్నది. నాగులను నొప్పిస్తే కుష్ఠు, చర్మవ్యాధులు వస్తాయన్న భయం ఒకప్పుడు ఎన్నో నీటిబుగ్గలను శుభ్రంగా ఉంచింది.

ఈ సమర్పణలన్నీ పరిణామన అనే విధితో ముగుస్తాయి: కర్మవల్ల కలిగిన పుణ్యాన్ని దాత తనకు ఉంచుకోక సమస్త ప్రాణులకూ ధారపోస్తాడు. సమస్తమన్న మాటలో మినహాయింపులు లేవు కాబట్టి, ఏ గ్రహానికి జడిసి తాత మెడలో జీ కట్టుకొన్నాడో ఆ గ్రహం, ఏ దయ్యం లాను ఎత్తుకుపోయిందని లా-గుక్ చేయించారో ఆ దయ్యం కూడా అందులో భాగస్థులే. మాచిక్ లాబ్‌డ్రోన్ (1055–1149) అనే యోగిని నెలకొల్పిన ‘చోద్’ సాధన ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకుపోయింది: శ్మశానాలలోను నిర్జనస్థలాలలోను కూర్చొని, సాధకుడు భూతాలను తరిమే బదులు పేరుపేరునా పిలిచి, తన శరీరాన్నే భావనలో వాటికి విందుగా వడ్డిస్తాడు. ఆ సాధకుని ఎముకపూసల మాల ఏ భూతాన్నీ ఆపడానికి కట్టుకొన్నది కాదు. పిలిచిన అతిథులలో ఎవరూ ఆకలితో తిరిగిపోకుండా మంత్రం లెక్కపెట్టుకోవడానికి చేతపట్టినది.